‘టెన్షన్ పడకండి’ అన్నది వైద్యం కాదు

నేను ముప్పై మూడు సంవత్సరాలు ప్రభుత్వ వైద్యుడిగా పనిచేశాను. అందులో అధికభాగం నెల్లూరు జిల్లా తీర మండలాలలోనే గడిచింది. ఆ కాలమంతటిలో నేను అత్యధికంగా ఇచ్చిన మందు పారాసిటమాల్ కాదు, ఐరన్ మాత్రలూ కావు. చీటీ మీద వ్రాయనవసరం లేని మందు ఒకటుంది. ఖర్చు లేదు, నిల్వ అయిపోవడం లేదు, గడువు తీరడం లేదు. “టెన్షన్ పడకండి” అన్న రెండు మాటలే ఆ మందు. తలనొప్పి అంటే అదే చెప్పాను. నిద్రపట్టడం లేదంటే అదే చెప్పాను. గుండెదడ అన్నవారికీ, కడుపు ఉబ్బరం అన్నవారికీ, ఒళ్ళంతా నొప్పులన్న స్త్రీలకూ అదే చెప్పాను.

ఆ మందు పనిచేయదని నాకు చెప్పింది వైద్యగ్రంథం కాదు, ఒక రోగి భార్య.

1990ల చివరి సంగతి. బకింగ్‌హాం కాలువ పక్కన ఉన్న ఒక గ్రామం నుంచి నలభై నాలుగేళ్ళ రైతు వచ్చాడు. రెండు రొయ్యల గుంటలు కౌలుకు చేస్తున్నాడు. నెలల తరబడి సరైన నిద్ర లేదనీ, మెడ వెనుక భాగం పట్టేసినట్టు ఉంటున్నదనీ చెప్పాడు. రక్తపోటు 170/110 ఉంది. నెలకు సరిపడా మాత్రలు ఇచ్చి, “టెన్షన్ తగ్గించుకో, అన్నీ సర్దుకుంటాయి” అని పంపించాను. బయట ఇంకా అరవై మంది వరుసలో ఉన్నారు. ఏడాది దాటిన తరువాత అతన్ని ఆటోలో తీసుకువచ్చారు. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి. మాట పోయింది. మాత్రలు ఎందుకు మాన్పించావని నేను అతని భార్యను గద్దించాను. ఆమె నెమ్మదిగానే బదులు చెప్పింది: “గుంట ఇడిసిపెట్టి రాలేకపోయినాడు సార్. టెన్షన్ తగ్గించుకోమని మీరే చెప్తిరి. ఎట్ట తగ్గించుకోవాల్నో చెప్పకపోతిరి.”

నా దగ్గర అప్పుడు సమాధానం లేదు. ఇన్నేళ్ళకు ఆ సమాధానం వ్రాయడానికి ప్రయత్నిస్తున్నాను. చదువరులు దయతో కడదాకా చదవాలి. ఇందులో నా తోటి వైద్యులకు రుచించని మాటలు కొన్ని, మీకు రుచించని మాటలు కొన్ని ఉంటాయి.

నా వాదన క్లుప్తంగా ఇది. దీర్ఘకాలపు ఒత్తిడి మనసు బలహీనత కాదు. అది శరీరంలో జరిగే పని, కొలవదగిన పని. దానికి కారణం చాలావరకు మనిషి వెలుపల ఉంటుంది. ఆ కారణాన్ని అడగకుండా, శరీరాన్ని పరీక్షించకుండా, “టెన్షన్ పడకు” అని చెప్పడం మోస్తున్నవాడి నెత్తి మీద మూట దించకుండా మెడ నొప్పి మానుకొమ్మని చెప్పడమే.

శరీరం చేసే పని

రాత్రివేళ గుంట గట్టు మీద నడుస్తున్నారు. చేతి దీపం వెలుగులో పాము కనిపించింది. మీరు ఆలోచించక ముందే శరీరం పని మొదలుపెడుతుంది. మెదడు నుంచి సహవేదన నాడుల ద్వారా ఆజ్ఞ వెళ్ళి, మూత్రపిండాల పైన టోపీల వలె కూర్చున్న అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. ఒక్కొక్క గ్రంథి బరువు నాలుగైదు గ్రాములకు మించదు. కాని క్షణాలలో గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు పెరుగుతుంది, కాలేయం దాచుకున్న చక్కెరను రక్తంలోకి విడుస్తుంది, రక్తం జీర్ణకోశాన్ని వదిలి కండరాలకు పరుగెత్తుతుంది. దూకడానికో, కర్ర ఎత్తడానికో మీరు సిద్ధం. 1915లోనే అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కేనన్ ఈ సన్నాహాన్ని వివరించాడు.

దీని వెనుకనే రెండవ అల వస్తుంది. హైపోథలామస్ పీయూష గ్రంథిని, పీయూష గ్రంథి అధివృక్క గ్రంథుల వెలిపొరను ప్రేరేపిస్తాయి. కార్టిసోల్ విడుదలవుతుంది. ఎడ్రినలిన్ అగ్గిపుల్ల అయితే కార్టిసోల్ పొయ్యిలో కట్టె. ఎక్కువసేపు మండుతుంది. పోరాటం సాగినంతసేపు రక్తంలో చక్కెరను నిలబెడుతుంది. పాము వెళ్ళిపోయిన తరువాత ఈ కార్టిసోలే మెదడుకు “చాలు” అని సంకేతం పంపి తన ఉత్పత్తిని తానే తగ్గించుకుంటుంది. ఎంత చక్కని ఏర్పాటో చూడండి. దీనివల్లనే మన పూర్వులు బతికారు, మనం పుట్టాం.

ఈ ఏర్పాటులో లోపం లేదు. పాము వెళ్ళిపోతుందన్న నమ్మకం మీద అది నిర్మితమయింది. వెళ్ళని పాముకు అది సిద్ధంగా లేదు.

1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుపాను ఈ ప్రాంతం మరచిపోలేదు. ఆ రాత్రి ఎన్ని గుండెలు ఎంత వేగంగా కొట్టుకున్నాయో! అయితే తుపాను తీరం దాటుతుంది. ఎంత నష్టం చేసినా వెళ్ళిపోతుంది. అప్పు తీరం దాటదు. ప్రతి ఉదయం మీకంటే ముందే నిద్రలేచి గుమ్మంలో కూర్చుంటుంది. శరీరానికి పాముకూ వడ్డీకీ తేడా తెలియదు. వడ్డీని చూసి కూడా అది చక్కెర విడుస్తుంది, రక్తపోటు పెంచుతుంది. దూకడానికి చోటు లేదు, కొట్టడానికి కర్ర లేదు. సిద్ధమైన శరీరం సిద్ధంగానే ఉండిపోతుంది.

1936లో మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే అనే వైద్యుడు ఎలుకలలో దీనిని చూశాడు. చలి, గాయం, విషపదార్థం, మితిమీరిన శ్రమ, బాధ ఏదైనా సరే, అది కొనసాగినప్పుడు ఎలుకల శరీరాలలో ఒకే తీరు మార్పులు కనిపించాయి. అధివృక్క గ్రంథులు ఉబ్బాయి, రోగరక్షణకు సంబంధించిన థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, జీర్ణాశయంలో పుండ్లు పడ్డాయి. మొదట హెచ్చరిక, తరువాత ఓర్చుకోవడం, చివరకు అలసి కూలడం అని ఆయన మూడు దశలు చెప్పాడు. మన చుట్టూ ఉన్నవారిలో అధికులు రెండవ దశలో ఉన్నారు. వారిని చూసి మనం “గట్టి మనిషి, తట్టుకుంటున్నాడు” అంటాం. ఆ తట్టుకోవడానికి శరీరం చెల్లిస్తున్న మూల్యం మనకు కనిపించదు.

ఆ మూల్యం ఇది. నెలలు, సంవత్సరాలు కార్టిసోల్, ఎడ్రినలిన్‌లు తగ్గవలసిన వేళలో తగ్గకపోతే రక్తనాళాలు బిగుసుకొని రక్తపోటు స్థిరపడుతుంది. ఇన్సులిన్ మాట కణాలు వినడం తగ్గి చక్కెర పెరుగుతుంది. కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది. అన్నకోశం, ప్రేగుల నడక గతి తప్పుతుంది. స్త్రీలలో నెలసరి క్రమం చెదురుతుంది. జ్ఞాపకశక్తికి ఆధారమైన మెదడు భాగం దెబ్బతిని మరపు వస్తుంది. గాయాలు ఆలస్యంగా మానుతాయి. ఈ చివరి మాట ఊహ కాదు. 1995లో అమెరికాలో మతిమరపు జబ్బు ఉన్న బంధువులకు సేవచేస్తున్న స్త్రీలకూ, అదే వయస్సులో ఆ భారం లేని స్త్రీలకూ చేతి మీద ఒకే కొలతలో చిన్న గాయం చేసి పరిశీలించారు. భారం లేనివారికి మానడానికి సగటున 39 రోజులు, భారం మోస్తున్నవారికి దాదాపు 49 రోజులు పట్టింది. చర్మం కూడా ఇంటి బాధను లెక్కపెడుతుందన్నమాట.

గుంట, నిద్ర

ఇప్పుడు ఆ రైతు సంగతికి వస్తాను. రొయ్యల గుంటలో పగలు నీటిలోని సూక్ష్మ మొక్కలు ఎండ సహాయంతో ప్రాణవాయువును ఇస్తాయి. రాత్రి అవి కూడా ప్రాణవాయువును వాడుకుంటాయి. అందువల్ల నీటిలో ప్రాణవాయువు తెల్లవారుజామున అన్నింటికంటే తక్కువకు పడిపోతుంది. ఆ వేళలో కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే, జనరేటర్ వెంటనే అందుకోకపోతే, నెలల పెట్టుబడి తెల్లవారేసరికి నీటిపై తేలుతుంది. కనుక రైతు ఏ వేళలో గాఢంగా నిద్రపోవాలో సరిగ్గా ఆ వేళలో చెవి ఏరేటర్ చప్పుడు మీద పెట్టి పడుకుంటాడు. చప్పుడు ఉంటే నిద్ర పట్టదు. చప్పుడు ఆగితే గుండె ఆగినంత పని అవుతుంది.

ఆరోగ్యవంతుడిలో కార్టిసోల్ అర్ధరాత్రి ప్రాంతంలో అతి తక్కువగా ఉండి, వేకువజామున పెరుగుతూ, నిద్రలేచిన అరగంటకు శిఖరానికి చేరుతుంది. ఆ అర్ధరాత్రి పల్లమే శరీరానికి మరమ్మతు వేళ. నాలుగు నెలల పంట పొడవునా రాత్రికి మూడుసార్లు లేచే మనిషికి ఆ పల్లం పూడిపోతుంది. రాత్రిపూట తగ్గవలసిన రక్తపోటు తగ్గదు. అటువంటి మనిషికి నేను పగలు పది గంటలకు రక్తపోటు కొలిచి, టెన్షన్ తగ్గించుకొమ్మని చెప్పాను!

గుంట బయటి కథ కూడా ఉంది. 1990ల తొలి సంవత్సరాలలో టైగర్ రొయ్య ఈ తీరాన్ని బంగారు తీరం చేస్తుందన్నారు. 1994–95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి గుంటలను ఖాళీ చేసింది. 1996 డిసెంబరులో తీరప్రాంతపు రొయ్యల చెరువులపై సర్వోన్నత న్యాయస్థానం కఠినమైన తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు పర్యావరణానికి అవసరమే కావచ్చు, ఆ చర్చ ఇక్కడ చేయను. 2009లో వనామీ వచ్చింది, ఆశలు మళ్ళీ చిగిర్చాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, ఆ నిర్ణయం బరువు గుంట గట్టు మీద చెక్ ట్రే ఎత్తి చూసుకుంటున్న రైతు దాకా వచ్చింది. వాషింగ్టన్‌లో పెట్టిన సంతకానికి ఇందుకూరుపేటలో ఒకడి అధివృక్క గ్రంథి స్పందిస్తుంది. అతనికి ‘మనోధైర్యం లేదు’ అనడానికి మనకు నోరెలా వస్తుంది?

వేటకు వెళ్ళేవారి సంగతీ ఇంతే. చేపల సంతతి పెరగడానికి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవలతో వేట నిషిద్ధం. నిషేధం మంచిదే. కాని ఆ రెండు నెలలూ పొయ్యికి నిషేధం ఉండదు. ఆ రోజులలో నా దగ్గరికి వచ్చే మత్స్యకార స్త్రీలలో కడుపుమంట, తలతిప్పు, దడ పెరగడం ఏటేటా చూశాను. దానికి ఒక పేరు పెట్టి వ్రాసుకోవాలన్న ఆలోచన అప్పట్లో నాకు రాలేదు. అది నా అలసత్వం.

‘ఒత్తిడి అందరికీ ఉంటుంది’

ఉంటుంది. కాని అందరికీ సమానంగా ఉండదు. పెద్ద పదవులలో ఉన్నవారికే ఒత్తిడి ఎక్కువనీ, గుండెపోటు వారి జబ్బనీ నా విద్యార్థి దశలో విన్నాను. లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగులపై 1967లో మొదలైన వైట్‌హాల్ పరిశీలన ఆ మాటను తలక్రిందులు చేసింది. పై అధికారులకంటే అట్టడుగు శ్రేణి ఉద్యోగులు, అంటే జవానులు, ద్వారపాలకులు వంటివారు, గుండెజబ్బుతో మరణించడం మూడు రెట్లకు పైగా ఉంది. పొగతాగడం, రక్తపోటు, కొలెస్టరాల్ వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడాలో పెద్దభాగం మిగిలిపోయింది. తరువాతి పరిశీలనలలో మైకేల్ మార్మట్ బృందం ఎత్తిచూపిన కారణాలలో ముఖ్యమైనది ఒకటి: తన పని మీద తనకు పట్టు లేకపోవడం. పని భారం ఒక్కటే మనిషిని కూల్చదు. భారం నాది, నిర్ణయం ఇంకొకరిది అయినప్పుడు శరీరం కూలుతుంది.

ఈ మాటను మన తీరానికి అన్వయించి చూడండి. మేత ధర నిర్ణయించేది ఒకరు, కౌంట్ ధర నిర్ణయించేది ఒకరు, వడ్డీ నిర్ణయించేది ఒకరు. నష్టం మాత్రం గుంట చేసినవాడిది. వాడిని ధ్యానం చేసుకొమ్మంటున్నాం.

ధ్యానాన్ని నేను నిందించడం లేదు. నిదానంగా శ్వాస తీసి వదలడం గుండె వేగాన్ని తగ్గిస్తుంది. రోజూ అరగంట నడక రక్తపోటును, చక్కెరను, దిగులును తగ్గిస్తుంది. నేను కూడా ప్రతి ఉదయం నడుస్తాను. కాని చిల్లుపడిన పడవలో నీళ్ళు తోడడం ఎంత అవసరమో, చిల్లు పూడ్చడం అంత అవసరం. తోడడం నేర్పేవారు చాలామంది ఉన్నారు. చిల్లు గురించి మాట్లాడేవారు తక్కువ.

రెండవ తప్పు

ఇంతవరకు చదివి, “అయితే అన్ని జబ్బులకూ మూలం టెన్షనేనన్నమాట” అని మీరు అనుకుంటే, నేను ఈ వ్యాసం వ్రాసినందువల్ల మేలుకంటే కీడే ఎక్కువ జరుగుతుంది. “అంతా టెన్షన్ వల్లే” అన్న మాట “టెన్షన్ పడకండి” అన్న మాటకు కవలపిల్ల. రెండూ పరీక్ష చేయకుండా తప్పించుకోవడానికే ఉపయోగపడతాయి.

మా తరం వైద్యులకు జీర్ణాశయపు పుండ్లకు ఒత్తిడి, కారం, ఆమ్లం కారణమని నేర్పారు. దశాబ్దాల పాటు రోగులను ‘ఎక్కువగా ఆలోచించకండి’ అని మందలించాం. ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే ఇద్దరు వైద్యులు ఆ పుండ్లలో అధికభాగానికి హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి కారణమని నిరూపించారు. మార్షల్ 1984లో ఆ సూక్ష్మజీవులను తానే త్రాగి జబ్బు తెచ్చుకున్నాడు. 2005లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. రెండు వారాల మందులతో మానే జబ్బుకు మేము రోగి స్వభావాన్ని తప్పుపట్టాం!

ఇంకొక పాఠం మరింత చేదుగా ఉంటుంది. ఒత్తిడి శాస్త్రానికి పితామహుడని పేరుపొందిన సెల్యేకే పొగాకు కంపెనీలు పరిశోధనకు డబ్బు ఇచ్చాయి. జబ్బులకు సిగరెట్టు కాదు, ఒత్తిడి కారణమని చెప్పించుకోవడం ఆ వ్యాపారానికి లాభం. వారి లోపలి పత్రాలు బయటపడ్డాక ఈ సంగతి లోకానికి తెలిసింది. ఒత్తిడి అన్న నిజమైన మాటను కూడా అబద్ధానికి ముసుగుగా వాడుకోవచ్చునని దీనివల్ల తెలుస్తున్నది. 2004లో 52 దేశాలలో గుండెపోటు వచ్చినవారిపై జరిగిన ఇంటర్‌హార్ట్ పరిశీలన మానసిక, సామాజిక ఒత్తిడిని ముఖ్య కారణాలలో ఒకటిగా గుర్తించింది. అదే పరిశీలన పొగాకును, కొలెస్టరాల్‌ను, రక్తపోటును, మధుమేహాన్ని కూడా ఆ వరుసలోనే చూపింది. ఒకదాన్ని చూపి మరొకదాన్ని దాచకూడదు.

కాబట్టి ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో ప్రాకే నొప్పి, చెమటలు వస్తే అది గ్యాసు అనీ, టెన్షన్ అనీ మీరు నిర్ణయించవద్దు. ఎవరినీ నిర్ణయించనివ్వవద్దు. 108కి ఫోన్ చేయండి. ఇ.సి.జి. తీసిన తరువాతనే మిగిలిన మాటలు.

సీసాలు, మాత్రలు

ఒత్తిడితో నలిగిన శరీరం ‘నీరసం’ అంటుంది. మన ఊళ్ళలో నీరసానికి సిద్ధంగా ఉన్న సమాధానం సెలైన్ సీసా. అరలీటరు గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. అయిదారు చెంచాల పంచదారతో సమానం. అరలీటరు ఉప్పు సెలైన్‌లో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. రోజంతటికీ ఉప్పు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతున్నది. రక్తపోటు ఉన్నవాడి రక్తంలోకి గంటలో అంత ఉప్పు ఎక్కించి, డబ్బు తీసుకొని, బలం వచ్చిందని పంపుతున్నారు. వాంతులు, విరేచనాలతో నీరు పోయినవాడికి సెలైన్ ప్రాణదానం చేస్తుంది. అప్పుతో నిద్రపోనివాడికి అది చేసే మేలు ఏమీ లేదు. ఆ గంటసేపు మంచం మీద పడుకోనివ్వడమే అందులోని అసలు మందు.

ఇంతకంటే ప్రమాదకరమైనవి చిన్న తెల్ల మాత్రలు. ఒళ్ళునొప్పులకనీ, ఆకలికనీ, బలానికనీ అర్హత లేనివారు ఇచ్చే పొట్లాలలో తరచు స్టీరాయిడ్లు ఉంటాయి. అవి కార్టిసోల్‌కు సొంత అన్నదమ్ములు. కార్టిసోల్‌తో చితికిన శరీరానికి ఇంకా కార్టిసోల్ పోయడమన్నమాట. రెండు రోజులు హుషారు, ఆ తరువాత చక్కెర, రక్తపోటు, ఎముకల బలహీనత. నెలల తరబడి వాడి హఠాత్తుగా మానితే ప్రాణానికే ముప్పు. నిద్రమాత్రలను వైద్యుని సలహా లేకుండా కొనుక్కొని సంవత్సరాల తరబడి మింగుతున్నవారు ఇంకొక వర్గం. అవి కొద్ది వారాలలోనే అలవాటై కూర్చుంటాయి.

మద్యం సంగతి చెప్పనవసరం లేదు. నిద్ర పట్టించినట్టే పట్టించి, నడిరేయి దాటాక నిద్రను విరగ్గొడుతుంది, రక్తపోటును పెంచుతుంది. పైగా ఒకడి ఒత్తిడిని తీసుకువెళ్ళి వాడి భార్యకు, పిల్లలకు పంచిపెడుతుంది.

మన జిల్లా స్త్రీలు చేసిన వైద్యం

ఈ చివరి మాటకు తిరుగులేని సాక్ష్యం మన జిల్లాలోనే ఉంది. 1990ల తొలినాళ్ళలో సాయంత్రపు అక్షరాస్యత తరగతులలో కూర్చున్న దూబగుంట స్త్రీలు తమ ఇళ్ళ బాధకు కారణమేమిటో తామే చెప్పుకున్నారు. సారా అన్నారు. వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నడవగా 1992లో ఊరూరా సారా అంగళ్ళు మూయించారు, వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ మద్యనిషేధాన్ని సడలించారు. ఆ రాజకీయం జోలికి నేను పోను. వైద్యుడిగా నేను చూసేది వేరే. ఆ స్త్రీలను అప్పటి వైద్యులం ఎందరిని “టెన్షన్ పడకమ్మా” అని పంపి ఉంటామో! వారు మా మాట వినలేదు. టెన్షన్ ఎక్కడినుంచి వస్తున్నదో అక్కడికి నడిచి వెళ్ళారు. మూట దించుకున్నారు. మార్మట్ ‘పట్టు’ అని చెప్పినది అదే. వారు తమ బ్రతుకు మీద పట్టు సంపాదించారు. వేలంపాట దగ్గర కూర్చోవడం వైద్యశాస్త్రంలో లేని చికిత్స కావచ్చు. రోగకారణాన్ని తొలగించడమే చికిత్స అని నేర్పిన శాస్త్రానికి అది విరుద్ధం కాదు.

అయితే ఏం చేయాలి

ఆ తల్లి అడిగిన ప్రశ్నకు ఇప్పుడు నాకు తెలిసినంతలో సమాధానం చెబుతాను.

వైద్యులారా, ఆ రెండు మాటలూ మానండి. వాటి స్థానంలో మూడు ప్రశ్నలు అడగండి. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నావు? నీకు ఎక్కువ బాధపెడుతున్నది ఏమిటి? దాన్ని ఎవరితోనైనా చెప్పుకున్నావా? దీనికి రెండు నిమిషాలు పడుతుంది. మందు నెలకు వ్రాస్తే, నెల దాటాక ఆ మనిషి రాకపోతే ఎందుకు రాలేదో తెలుసుకునే ఏర్పాటు చేయండి. నేను ఆ పని చేయలేదు. ఇప్పుడు ప్రతి గ్రామంలో ఆశా కార్యకర్త ఉన్నది. చేయడం కష్టం కాదు.

చదువరులారా, ముప్పై ఏళ్ళు దాటితే ఏడాదికొకసారి రక్తపోటు, చక్కెర చూపించుకోండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఖర్చు లేదు. రక్తపోటు పలుమార్లు 140/90 దాటితే అది జబ్బే. ‘టెన్షన్ వల్ల వచ్చింది, అదే పోతుంది’ అని మాత్రలు మానవద్దు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడండి. గుంటలు చేసేవారు ఇరుగుపొరుగున ఇద్దరు కలిసి కాపలాను వంతులు వేసుకోండి. రాత్రి విడిచి రాత్రి అయినా ఆరేడు గంటలు ఏకధాటిగా నిద్రపోండి. కరెంటు పోతే మోగే అలారం పెట్టుకోండి. పంట నష్టపోతే ఏమవుతుందో నాకు తెలుసు. నిద్ర నష్టపోతే ఏమవుతుందో కూడా ముప్పై మూడేళ్ళు చూశాను.

అప్పును దాచవద్దు. ఎంత ఉందో కాగితం మీద వ్రాసి ఇంట్లో ఒక్కరికైనా చూపండి. దాచిన అప్పు శరీరంలో రెట్టింపు వడ్డీకి పెరుగుతుంది. భర్త దాచిన అప్పు భార్య గుండెదడగా నా బల్ల దగ్గరికి రావడం లెక్కలేనన్ని సార్లు చూశాను.

ఎవరికైనా బ్రతకాలని లేదన్న ఆలోచన వస్తే అది పిరికితనం కాదు, అలసిన మెదడు ఇచ్చే తప్పుడు సలహా. 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అనే ఆ ప్రభుత్వ సేవ పగలూ రాత్రీ తెలుగులో లభిస్తుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలనీ, శిక్షించరాదనీ చెబుతున్నది. వారికి సంరక్షణ, పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యత అని కూడా చెబుతున్నది. ఒత్తిడి ఒక మనిషి గుణదోషం కాదని చట్టం అంగీకరించింది. మన నోళ్ళే ఇంకా అంగీకరించలేదు.

ఇక పాలకులకు ఒక మాట. మేత ధరలూ, పంటల బీమా, వేట నిషేధ భృతి సకాలంలో అందడం, తెల్లవారుజామున ఆగని కరెంటు, ఇవన్నీ వ్యవసాయ, మత్స్య శాఖల విషయాలని అనుకుంటున్నారు. అవి రక్తపోటు మందులు కూడా. సకాలంలో అందితే మా ఆసుపత్రులలో పక్షవాతపు మంచాలు కొన్ని ఖాళీగా ఉంటాయి.

ఆ రైతు ఆ తరువాత ఆరేళ్ళు బతికాడు. చేతికర్రతో నడిచేవాడు. మాట పూర్తిగా రాలేదు. గుంటలు వదిలేశారు. భార్య కూలికి పోయి పిల్లలను చదివించింది. ఒకసారి మందుల కోసం వచ్చినప్పుడు ఆమె రక్తపోటు కూడా చూశాను. 160/100 ఉంది. ఆ రోజు నేను “టెన్షన్ పడకమ్మా” అనలేదు. కుర్చీ చూపించి, కూర్చోమన్నాను. బయట వరుస ఎప్పటిలాగే ఉంది. ఆమె చెప్పింది విన్నాను.